నాన్న సారు చెప్పిన సారీలు

నిన్న లిఫ్టు పనిచేయలేదు. నీళ్ల క్యాను భుజాన పెట్టుకుని మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తు మలుపులో కాలు మడతపడి నాలుగు మెట్లు కిందికి వచ్చాను. క్యాను ఇంకో నాలుగు మెట్లు అదనంగా దిగింది. కింద ఊడుస్తున్న పద్మమ్మ చీపురు పక్కన పెట్టి, ‘‘సారీ సార్’’ అంది. పద్మమ్మ మా వాచ్‌మన్ నర్సింలు భార్య.

‘‘నువ్వేం చేసినవ్?’’ అన్నాను.

‘‘నేనేం జేస్తా? మీకు దెబ్బ తాకింది గద. అందుకే సారీ.’’

ఈ సారీ ఆమెది కాదు. రెండు వానాకాలాలు నా ఫ్లాట్‌లో నాతోపాటు ఉండి వెళ్లిన ఒక మనిషిది. మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి, ఆఫీసుకు వెళ్లే పని లేదు కాబట్టి, ఆయన గురించి రాస్తున్నాను.

ఇలాంటివి సాధారణంగా మనిషి పోయాక రాస్తారు. ముందే చెప్పేస్తున్నాను, ఈయన పోలేదు. ఇవాళ పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో మోటార్‌సైకిలు వెనక సీటు మీద కట్టేసిన మేక ఫొటో పెట్టాడు. నడుపుతున్నది ఆయనే. ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపించారు. పడీపడీ నవ్వే బొమ్మ ఒకటి పంపి ఇది మొదలుపెట్టాను.

పేరు రాయను. ‘‘మన ఆఫీసులో నా పేరు పదకొండు రకాలుగా పిలుస్తారు. పన్నెండోది ఎవరూ కనిపెట్టకుండా ఉంటే చాలు’’ అనేవాడు. తెలుగు లిపిలో రాస్తే అదే పన్నెండోది అవుతుంది.

ఆయనది నైజీరియా. మాదాపూర్‌లో మా ఆఫీసులోనే, ఆఫ్రికా బ్యాంకుల ఫోన్లు ఎత్తే టీమ్. నా పాత రూమ్మేటు పెళ్లి చేసుకుని బాచుపల్లి వెళ్లిపోవడంతో పుప్పాలగూడ ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయింది. ఓనరుకు ఫోన్ చేశాను.

‘‘నైజీరియానా? వద్దు బాబూ, పేపర్లో చూస్తుంటాంగా.’’

‘‘పేపర్లో మనవాళ్ల గురించి కూడా వస్తుంటుందండీ.’’

కాసేపు ఆలోచించి, పోలీసు వెరిఫికేషన్, ఆఫీసు లెటరు, ఇద్దరు పెద్దమనుషుల హామీ అడిగాడు. నేను చేరినప్పుడు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, మాంసం వండుతావా అని.

సామానుతో దిగిన రోజే గొడవ. నర్సింలు గేటు దగ్గర మర్యాదగా, ‘‘సారుది ఏ కులమో, ఏ జాతో అడుగుండ్రి, రిజిస్టర్ల రాయాలె’’ అన్నాడు. రిజిస్టర్లో అలాంటి గడి ఏమీ లేదు. అయినా అడిగాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ, ‘‘ఇగ్బో’’ అన్నాడు.

నర్సింలు మొహం మాడిపోయింది. ‘‘మంచిగ అడిగితే ‘ఇగ పో’ అంటడేంది సార్?’’

అది వాళ్ల జాతి పేరని నర్సింలుకు నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. కాంప్రమైజ్ కోసం ఆయనే ముందుకు వచ్చి నర్సింలు భుజం తట్టి, ‘‘న్నా!’’ అన్నాడు. ఇగ్బోలో ఆ మాటకు అర్థం నాన్న. మగవాళ్లు ఒకరినొకరు ఆప్యాయంగా అలాగే పిలుచుకుంటారట. నర్సింలుకు ఏ అనువాదమూ అక్కర్లేకపోయింది.

‘‘నా బిడ్డ హాస్టల్ల జేరినకాంచి నన్ను డాడీ అంటుంది సార్. ఈ సారు నాన్న అంటుండు’’ అన్నాడు. ఆ సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా ఆయన నాన్న సారు అయిపోయాడు.

ఇక సారీ సంగతి. వాళ్ల భాషలో ‘న్దో’ అని ఒక మాట ఉంది. ఎదుటివాడికి దెబ్బ తగిలితే, దగ్గు వస్తే, ఫోన్ కింద పడితే, బస్సు తప్పిపోతే అనే మాట. నీ కష్టం చూశాను అని దాని అర్థం. నేను చేశాను అని కాదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు వాళ్లు దాన్ని సారీ చేసేశారు. నేను తుమ్మితే సారీ. పద్మమ్మ చేయి కాల్చుకుంటే సారీ. టీవీలో వికెట్ పడితే అవుటైనవాడికి సారీ. మొదటి వారం అందరూ ఆయన్ని అడిగిన ప్రశ్న ఒకటే, ‘‘నువ్వేం చేసినవ్?’’ కాబట్టి ఆయన నేర్చుకున్న మొదటి పూర్తి తెలుగు వాక్యం కూడా అదే. దానికి అర్థం ‘ఫర్లేదు’ అని చాలాకాలం అనుకున్నాడు.

ఆఫీసులో ఒకసారి ఏదో బ్యాంకు సర్వరు పడిపోయింది. అది మాది కాదు, వాళ్లదే. కాల్‌లో ఈయన మనస్ఫూర్తిగా సారీ చెప్పాడు. మర్నాడు ఆ బ్యాంకువాళ్లు పంపిన నివేదికలో ‘కారణం’ అన్న చోట, మీ ప్రతినిధి ఒప్పుకున్నారు అని ఉంది. మా మేనేజరు టీమ్ మొత్తానికీ సారీ అనే మాట నిషేధిస్తూ మెయిల్ పెట్టాడు. ఆ మెయిల్ రాయడానికి ఆయనకు రెండు గంటలు పట్టిందని విని నాన్న సారు వెళ్లి ఆయనకూ సారీ చెప్పి వచ్చాడు.

నేల మీద ఆయనకు నమ్మకం ఉండేది కాదు. కొత్త చోట నడిచే ముందు మడమతో రెండుసార్లు నొక్కి చూసేవాడు. మనం కుర్చీ కాలు గట్టిగా ఉందా అని కదిపి చూస్తామే, అలా. వాన మొదలైతే అందరం బట్టలు తీయడానికి బాల్కనీలోకి పరిగెత్తేవాళ్లం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడేవాడు. ఆయన బట్టలు ఎప్పుడూ తడిసే ఉండేవి.

కారణం ఆయన ఊరు. అక్కడి నేల ఇసుక నేల. వాన పడితే కరిగిపోతుంది. రోడ్డు కాలువ ఒకటి సగంలో వదిలేశారట. ఆ చివర నీళ్లు దూకి చిన్న గాడి పడింది. ‘‘స్కూల్లో చేరినప్పుడు దాన్ని ఎగిరి దాటేవాళ్లం. స్కూలు అయిపోయేసరికి చుట్టూ తిరిగి రావడానికి అరగంట పట్టేది’’ అన్నాడు. వాళ్ల నాన్న పామాయిలు తీసే చిన్న మిల్లు నడిపేవాడు. ఒక ఆదివారం అందరూ చర్చికి వెళ్లి వచ్చేసరికి మిల్లు లేదు. గోతిలో ఉంది. ‘‘మిల్లు బాగానే ఉంది, అడ్రసు మారింది’’ అన్నాడు. నా దగ్గర జోకులు నేర్చుకుంటున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ మాట వాళ్ల నాన్నదని.

వాళ్ల అమ్మ ‘గారి’ అమ్ముతుందని చెప్పాడు. నేను అలాగే అనువదించాను. పద్మమ్మ కళ్లు మెరిశాయి. ‘‘గారెలా? మా దిక్కువోళ్లే ఉన్నరు!’’ అంది. పండుగ పూట మినప్పప్పు రుబ్బి ఇరవై గారెలు తెచ్చి, ‘‘మీ అమ్మ జేసినట్ల ఉన్నయా సార్?’’ అని ఎదురుగా నిలబడింది. ఆయన ఎనిమిది తిన్నాక, వాళ్ల గారి అంటే కర్రపెండలం తురిమి, పులియబెట్టి, నీళ్లు పిండేసి, వేయించిన పొడి అని నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను పద్మమ్మకు, ‘‘అచ్చం అట్లనే ఉన్నయంట’’ అని తెలుగులో చెప్పాను. అనువాదకుడిగా నా పనితీరు అలా ఉండేది.

ఆ గారి వ్యాపారం కూడా సరిగా లేదు. పెండలం నాటే వేళకు రావలసిన వాన రాదు. వచ్చి ఆశపెట్టి మూడు వారాలు మాయమవుతుంది, తర్వాత అంతా ఒకేసారి పడుతుంది. పడినప్పుడల్లా గొయ్యి రోడ్డును కొరుకుతుంది. రోడ్డు తెగితే పెద్ద బజారు నుంచి లారీ రాదు. అప్పుడు ఊరి ఆడవాళ్లు ఒకరు చేసిన గారి ఒకరు కొనుక్కుంటారు.

నర్సింలు ఇది గేటు దగ్గర కూర్చుని విన్నాడు. ఆయనది పాలమూరు వైపు.

‘‘మా తాన మూడు బోర్లేసినం. మూడిట్ల దుమ్మొచ్చింది. నీళ్లు లేక మేం ఊరిడిసినం, నీళ్లొచ్చి వీళ్ల ఊరే పోతుంది. ఏం దేవుడు సార్?’’

‘‘ఇద్దర్నీ కలిపి సగటు తీస్తే కోనసీమ’’ అన్నాను. నర్సింలు నవ్వలేదు. అనువాదం చేశాక నాన్న సారు కూడా నవ్వలేదు. నర్సింలు వైపు తిరిగి, ‘‘సారీ’’ అన్నాడు. నర్సింలు మొదటిసారి, నువ్వేం చేసినవ్ అని అడగలేదు.

రెండో వానాకాలం ముందు మా పక్క స్థలంలో ఇంకో అపార్ట్‌మెంటుకు సెల్లార్ తవ్వడం మొదలైంది. నాలుగు అంతస్తుల సెల్లారట, కార్ల కోసం. రోజూ మధ్యాహ్నం బండరాయి పేల్చేవాళ్లు. మా కప్పులో టీ వణికేది. మా కాంపౌండు గోడకు అవతలే గొయ్యి, ఇవతలే గోడను ఆనుకుని నర్సింలు వాళ్ల రేకుల గది.

నాన్న సారు పొద్దున జాగింగ్ మానేసి గోడ వెంట నడవడం మొదలుపెట్టాడు. గది వెనక గోడకు సన్నటి పగులు కనిపించింది. అది పాతదా, పెరుగుతోందా అని తెలుసుకోవడానికి వాళ్ల ఊళ్లో పగులు మీద అడ్డంగా బంకమట్టి పూస్తారట. మట్టి చీలితే గోడ కదులుతున్నట్టు. ఇక్కడ బంకమట్టి దొరక్క, పద్మమ్మను అడిగి జొన్నరొట్టె పిండి ముద్ద తెచ్చి పూశాడు. మర్నాటికి పిండి లేదు. చీమలు లైనుగా వెళ్తున్నాయి.

‘‘గోడ కదలట్లేదు, రొట్టె కదిలింది’’ అని చెప్పాను.

ఆయన హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి వాల్ పుట్టీ తెచ్చాడు. నర్సింలు దగ్గర పార అడిగి తీసుకుని, వాన నీళ్లు గోడ కింద నిలవకుండా రోడ్డు వైపుకు జానెడు వెడల్పు కాలువ కూడా తీశాడు. రెండు వానలు పడ్డాయి. పుట్టీ మధ్యకు చీలింది.

ఆ ఆదివారం పార్కింగ్‌లో అసోసియేషన్ మీటింగ్. మా ప్రెసిడెంటు భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, ఏ విషయమైనా ‘‘చూద్దామండి’’తో ముగించేవారు. నాన్న సారు తెల్ల చొక్కా వేసుకుని, దాన్ని టక్ చేసుకుని మరీ వచ్చాడు. వాళ్ల ఊళ్లో ఊరి సంఘం అంటే చిన్న విషయం కాదు. రోడ్డు వేసేదీ వాళ్లే, బడి కట్టేదీ వాళ్లే. గొయ్యి ఎవరి ఇంటి దగ్గరికైనా వస్తే గంట కొట్టి పిలుస్తారు. ఊరంతా వస్తుంది. ముందు రేకులు విప్పుతారు. తర్వాత తలుపులు, కిటికీలు. గోడలు గోతికి వదిలేస్తారు. ఇదంతా చెప్పి చివర, ‘‘ఈ గోడ మనల్ని వదిలి వెళ్లబోతోంది. ఆ కుటుంబాన్ని ఇప్పుడే అక్కడి నుంచి తీయండి’’ అన్నాడు.

అందరూ నా వైపు చూశారు, తెలుగులో చెప్పమని. నేను చెప్పాను.

‘‘గోడ రాజీనామా ఇచ్చిందంట. నోటీస్ పీరియడ్‌లో ఉందంట.’’

ఐటీ వాళ్లే ఎక్కువ కదా, బాగా పేలింది. ప్రెసిడెంటుగారు కళ్లు తుడుచుకుని, ‘‘చూద్దామండి’’ అన్నారు. మీటింగు అయిపోయింది.

‘‘ఎందుకు నవ్వారు?’’ అని లిఫ్టులో అడిగాడు.

‘‘తెలుగులో అలాగే వస్తుంది’’ అన్నాను.

నేను చెప్పిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకొకటి లేదు. ఇప్పటికీ ఎవరైనా గుర్తు చేస్తే నేను టాపిక్ మారుస్తాను.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం కుండపోత. నేను పడుకున్నాను. కింద పద్మమ్మ అరుపులకు లేచి వెళ్లేసరికి, నాన్న సారు తడిసి ముద్దై వాళ్ల గదిలోంచి ట్రంకుపెట్టె మోసుకొస్తున్నాడు. గ్యాసు పొయ్యి, టీవీ, బియ్యం డబ్బా అప్పటికే పార్కింగ్‌లో ఉన్నాయి.

‘‘సూడుండ్రి సార్! సారీ సారీ అనుకుంటనే సామాను బయట పడేస్తుండు! ఓనర్లు జెప్పిన్రా ఖాళీ చెయ్యమని? మేం ఏం తప్పు జేసినం?’’

నర్సింలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ‘‘ఏంది నాన్న సారూ, నువ్వు గూడ గిట్ల జేస్తవా?’’

నాన్న సారు నా వైపు చూసి, ‘‘వాళ్లకు చెప్పు. సరిగ్గా చెప్పు’’ అన్నాడు.

నోటి చివరకు ఏదో వచ్చింది, మింగేశాను. ‘‘గోడ పడిపోతది నర్సింలన్నా. మొన్న మీటింగ్ల చెప్పింది అదే. నేనే సరిగ చెప్పలే. మా ఫ్లాట్‌కు పదండి’’ అని బట్టల మూట భుజాన వేసుకున్నాను.

ముగ్గురం మోశాం. పద్మమ్మ తిట్టుకుంటూ మోసింది. అంతా అయ్యాక ఆయన స్టూలు ఎక్కి, వానలోనే రేకుల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ‘‘వానల కప్పు పీకుతడేంది, పిచ్చి లేసిందా!’’ అని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఆయన ఆగలేదు. ఎనిమిది రేకులు విప్పి, పార్కింగ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడ వైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అందరం బాల్కనీల్లోంచి చూశాం. వాన తగ్గింది. ఎండ వచ్చింది. గోడ అలాగే ఉంది.

ఆదివారం ఉంది. సోమవారం ఉంది. మంగళవారం ప్రెసిడెంటుగారు వచ్చి, ‘‘ఆ రేకులు అసోసియేషన్ ఆస్తండి, తమరు అలా విప్పకూడదండి’’ అన్నారు. నర్సింలు దంపతులు మా హాల్లో చాప మీద మొహమాటంగా ఉన్నారు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో గోడ ఫొటో పెట్టి, నోటీస్ పీరియడ్ పొడిగించారు అని రాశారు. ఎనభై నవ్వుబొమ్మలు వచ్చాయి. నాన్న సారు ప్రతి పూటా కిందికి వెళ్లి చూసి వచ్చేవాడు. పడాలని కోరుకోవడానికి లేదు, పడకపోతే తల ఎత్తుకోవడానికి లేదు.

బుధవారం పొద్దున, మంచి ఎండలో, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా, పద్మమ్మ మా వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతుండగా, గోడ పడిపోయింది. టిప్పర్‌లోంచి ఇసుక దించినట్టు ఒక చప్పుడు, అంతే. గదితో సహా గోతిలోకి జారింది. కింద పనివాళ్లు అటు చివర టీ తాగుతున్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కాల్‌లో మా మేనేజరు, ఆ చప్పుడేంటి, మ్యూట్ చేసుకో అన్నాడు.

పద్మమ్మ గరిటెతోనే కిందికి వచ్చింది. తాను మంచం వేసుకునే చోటు ఎక్కడుందో కాసేపు వెతికింది. అక్కడ గాలి ఉంది. నాన్న సారు ఆమె పక్కకు వెళ్లి, ‘‘సారీ’’ అన్నాడు. నర్సింలుకు ‘‘సారీ, న్నా’’ అన్నాడు. ప్రెసిడెంటుకు కూడా సారీ అన్నాడు.

అప్పటికే అవతలి బిల్డరు సూపర్‌వైజరు వచ్చి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ‘‘చూసిండ్రా? ఒప్పుకుంటుండు! కాలువ తవ్వింది ఈయన, కప్పు విప్పింది ఈయన. పునాదిలకు నీళ్లు పంపి గోడ పడగొట్టిండు. సారీ అని ఆయన నోటితోనే వచ్చింది, రికార్డ్ అయింది. మాకేం సంబంధం లేదు. పోలీసులకు ఇస్తా వీడియో.’’

జనం గుసగుసలు మొదలుపెట్టారు. తవ్వింది నిజం, విప్పింది నిజం, సారీ అన్నది అందరూ విన్నారు. పైగా నైజీరియా. పోలీసు స్టేషను, వీసా, ఇవన్నీ నాన్న సారు మొహంలో వరసగా కనిపించాయి. ఇంగ్లీషులో, తెలుగులో, వచ్చిన హిందీలో, ‘‘అది ఆ సారీ కాదండీ, వాళ్ల భాషలో ఒక మాట ఉంది...’’ అని వివరించడం మొదలుపెట్టాను. జోకుల వల్ల సంపాదించుకున్న పేరు అప్పుడు అక్కరకు వచ్చింది. నేను సీరియస్‌గా చెబుతున్నానని ఒక్కరూ నమ్మలేదు.

గోడతో పాటు నీళ్ల పైపు కూడా తెగి అక్కడంతా బురద. సూపర్‌వైజరు ఇంకా దగ్గరగా వీడియో తీద్దామని ఒక అడుగు వేశాడు, జారాడు, చెయ్యి గాల్లోకి లేచింది.

‘‘సారీ!’’ అన్నాడు నాన్న సారు. సూపర్‌వైజరు వెనకభాగం నేలను తాకక ముందే అన్నాడు. అని, పరిగెత్తుకెళ్లి చెయ్యి అందించాడు.

పద్మమ్మ గరిటె అటు చూపించింది.

‘‘ఇప్పుడు మిమ్మల్ని గూడ ఈయనే పడగొట్టిండా సార్?’’

ముందు నవ్వింది ప్రెసిడెంటుగారు. తర్వాత నవ్వనివాళ్లు లేరు. నవ్వు తగ్గాక ఆ పెద్దాయన జీవితంలో మొదటిసారి చూద్దామండి అనలేదు. ‘‘గది మీ బిల్డరు కట్టిస్తారండి. గోతి వైపు కాదు, గేటు వైపు. వాళ్లు లోపల ఉండుంటే మనం ఇప్పుడు ఇలా మాట్లాడుకోమండి’’ అన్నారు. వీడియో ఎవరికీ చేరలేదు. సూపర్‌వైజరు పడటం కూడా అందులోనే ఉంది మరి.

కొత్త గది మీద పాత రేకులే వేశారు. బోల్టులు నాన్న సారే బిగించాడు.

తర్వాత ఆరు నెలలకు కాంట్రాక్టు అయిపోయి వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. క్యాబు డోరులో నా వేలు పడి నలిగితే లోపలి నుంచి సారీ వినిపించింది. అప్పుడు మాత్రం డోరు లాగింది ఆయనే.

ఇక్కడిదాకా రాసి, కుంటుకుంటూ వెళ్లి టీ పెట్టుకుని వచ్చాను. ఫోన్లో ఆయన పంపిన ఇంకో ఫొటో ఉంది. ఎర్రమట్టి నేల. ఒకదాని మీద ఒకటి పేర్చిన తుప్పు రేకులు. పక్కన రెండు తలుపులు, మూడు కిటికీ చట్రాలు, గారి వేయించే పెద్ద మూకుడు. ఆ మూకుడు పక్కన స్టూలు మీద, మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్న ముసలమ్మ. గోడలు ఫొటోలో లేవు. మాటలు కూడా ఏమీ లేవు.

పొద్దున ఆ మేకను ఎందుకు తరలిస్తున్నాడో అప్పుడు అర్థమైంది. దానికి నేను పంపిన నవ్వుబొమ్మ ఇంకా అక్కడే ఉంది.

అడ్రసు మారిందా అని రాసి చెరిపేశాను. ఇంకేదో రాసి అదీ చెరిపేశాను. చివరకు ఒక్క మాట పంపాను.

‘‘సారీ.’’

తర్వాత టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి, ఆగాయి, మళ్లీ కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

‘‘నువ్వేం చేసినవ్, న్నా?’’